నా గుండెలో మీ కరెంటు

ఒరేయ్ శీనూ,

ఫోన్ చేస్తే "ఫీడర్ ట్రిప్పయిందిరా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

మా కాలేజీ బయోమెడికల్ సిగ్నల్స్ (ఒంట్లోంచి వచ్చే సంకేతాలు) ల్యాబులో మొదటిరోజే మీ కరెంటు డిపార్ట్‌మెంటు ఎదురైంది! రెండు చేతులకీ కుడికాలికీ ఎలక్ట్రోడ్లు అంటించుకుని నా ఈసీజీ నేనే తీసుకుందామని కూర్చున్నా. స్క్రీన్ మీద గుండె జాడే లేదు. మీ కరెంటులా సెకనుకి 50 సార్లు ఊగే గీత మాత్రం దట్టంగా ఉంది. గుండె చర్మం దాకా పంపేది మహా అయితే ఒకట్రెండు మిల్లీవోల్టులు, గోడలో పోయేది 230 వోల్టులు. మరి ఎవరి మాట వినిపిస్తుంది చెప్పు? ఛార్జర్ పీకేసి, ట్యూబ్‌లైటు ఆపితే సగం తగ్గింది. మిగతాది నాచ్ ఫిల్టర్ (ఆ 50నే ఏరి తీసేసేది) మింగింది.

ఈ ఈసీజీ తీసే పని నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త వందేళ్ళ కిందటే చేశాడు. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళ బకెట్లలో పెట్టించేవాడు! 1905లో కిలోమీటరున్నర దూరంలోని ఆస్పత్రి నుంచి టెలిఫోన్ తీగ మీద గుండె గీతలు ల్యాబుకి తెప్పించుకున్నాడు. ఈసీజీ గీతలోని ఎత్తుపల్లాలకి పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అనే పేర్లు ఆయన పెట్టినవే. 1924లో నోబెల్ వచ్చింది.

తర్వాత గుండె వేగం లెక్కపెట్టే ప్రోగ్రాం రాశా. 144 అంది! నాకు చెమటలు పట్టాయి, నాడి పట్టి చూసుకుంటే 72. టీ అలని కూడా ఇంకో కొట్టుకోడం కింద లెక్కేసిందన్నమాట, దొంగమొహంది.

అసలు తిట్లు ఆ మర్నాడు తిన్నా. ఊపిరి తీస్తుంటే గీత పైకీ కిందికీ తేలుతోందని నెమ్మదిగా ఊగేవాటిని తీసేసే హైపాస్ ఫిల్టర్ హద్దు బాగా పైకి జరిపా. ముగ్గు పెట్టినట్టు చక్కగా వచ్చింది. మేడమ్ చూసి, "బాగుంది గానీ ఎస్‌టీ భాగం, అంటే ఎస్‌కీ టీకీ మధ్య గీత, వంకర పోయింది. గుండెపోటు కోసం డాక్టరు చూసేది అక్కడే కదా?" అన్నారు. రోగనిర్ధారణకైతే ఆ హద్దు 0.05 హెర్ట్జ్ దగ్గరే ఆపాలట. ఏది చెత్తో తెలియకుండా చీపురు పట్టా!

ఇమేజింగ్ ఇంకా మొదలవలేదు. మోడలింగ్ (ఒంట్లో జరిగేదాన్ని సర్క్యూట్‌లా గీసి లెక్కకట్టడం) మాత్రం నీకు నచ్చేది. 1899లో ఒట్టో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త లెక్క కట్టిన సాగే ధమనుల్ని మేమిప్పుడు ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరుగా గీస్తున్నాం. పరీక్షకి నిన్ను పంపినా పాసైపోతావు.

సంక్రాంతికి ఈసీజీ తీసే కిట్ తెస్తా, నీ గుండె కూడా చూద్దాం. ఛార్జర్ పీకే పనుండదులే, మీ కరెంటు ఎలాగూ పోతుందిగా.

నీ,
రాజు