బండిలో వచ్చిన పెద్దాయన

అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోనులో నువ్వడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. "నార్మన్లు వచ్చాక ఇంగ్లండులో చట్టం మారిందా, మారలేదా నాన్నా? క్లాసులో సగం మంది మారిందంటారు, సగం మంది పాతదే సాగిందంటారు" అన్నావు. నార్మన్లంటే 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండుని గెలిచినవాళ్లు, వాళ్ల నాయకుడు విలియం. ముప్పయ్యేళ్లు మున్సిఫ్ కోర్టులో టైపు కొట్టానే గాని నేను లా చదివినవాణ్ణి కాను. అయినా ప్రశ్న వదల్లేదు. నువ్వు పంపిన పాఠాలూ, లైబ్రరీలో దొరికినవీ నాలుగు రోజులు కూర్చుని చదివాను.

నువ్వుండే కాంటర్‌బరీకి మరీ దూరం కాదు, మెయిడ్‌స్టన్ పక్కన పెనెండెన్ హీత్ అనే బయలు ఉందట. 1072 ప్రాంతంలో అక్కడ మూడు రోజుల పాటు ఒక భూమి తగాదా విచారించారు. ఒక పక్క కాంటర్‌బరీ చర్చి పెద్ద, ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్. ఇంకో పక్క విలియం రాజుకి తల్లి ఒకరే, తండ్రి వేరైన తమ్ముడు ఓడో. చర్చి భూములు ఓడో కలిపేసుకున్నాడని ఫిర్యాదు. వాదీ ప్రతివాదీ ఇద్దరూ సముద్రం అవతల నుంచి వచ్చినవాళ్లే. ఏ పొలం ఎవరిదో, ఏ హక్కు ఏనాటిదో చెప్పగలిగింది ఆ నేల మీద పుట్టినవాళ్లే. అందుకని పాత ఇంగ్లీషు చట్టం తెలిసినవాళ్లని రమ్మన్నారు. వాళ్లలో ఎథెల్రిక్ ఒకడు. సెల్సీ అనే చోట బిషప్‌గా ఉంటే 1070లో పదవి తీసేశారు. బాగా వయసు మళ్లినవాడు. రాజు ఆజ్ఞ మీద ఆయన్ని బండిలో ఎక్కించి తీసుకొచ్చారు, పాత ఆచారం విప్పి చెప్పడానికి.

ఆ బండి నా కళ్లలోంచి పోవడం లేదు తల్లీ. తన పీఠం లాక్కున్నవాళ్లే తన నోటి మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆయన మనసులో ఏముండి ఉంటుంది! గొంతు సరిగా పలికిందో లేదో. చర్చికి చాలా భూములు తిరిగి వచ్చాయి. ఆయన పీఠం మాత్రం ఆయనకి రాలేదు.

మీ క్లాసులో "పాతదే సాగింది" అనేవాళ్లకి ఇది బలమైన సాక్ష్యం. ఇంకొకటి కూడా ఉంది. 1066 అక్టోబరులో హేస్టింగ్స్ యుద్ధం గెలిచాక, ఏడాది లోపే విలియం లండన్ వాళ్లకి ఒక పత్రం రాయించి ఇచ్చాడు. జానెడు పొడవు కూడా లేని తోలు ముక్క. నార్మన్లకి ముందు ఏలిన ఎడ్వర్డ్ రాజు రోజుల్లో మీకున్న చట్టాలన్నీ ఉంటాయి, తండ్రి తర్వాత ప్రతి బిడ్డా తండ్రికి వారసుడవుతాడు, మీకు ఎవరు అన్యాయం చేసినా సహించను అని. రాసింది ఇంగ్లీషులో, అంటే ఆ ఊరివాళ్ల మాటలో.

కానీ నా అభిప్రాయం అడిగితే, మారిందనే అంటాను. ఎక్కడ మారిందో చెప్తాను.

అంతకు ముందు మనిషిని చంపితే చచ్చినవాడి బంధువులకి సొమ్ము కట్టాలి. దాన్ని వెర్‌గిల్డ్ అనేవాళ్లు. మామూలు రైతు ప్రాణానికి 200 షిల్లింగులు, థేన్ అనే పెద్ద భూస్వామికి 1200. ప్రాణానికి అంతస్తును బట్టి ధర కట్టడం న్యాయమని నేననను. కానీ ఆ డబ్బు ఏడ్చే ఇంటికి చేరేది. నార్మన్లొచ్చాక వచ్చిన మర్డ్రమ్ జుల్మానా చూడు. ఎక్కడైనా శవం దొరికి, చంపినవాడు దొరక్కపోతే, ఆ శవం నార్మన్‌ది అని ముందే అనుకుంటారు. చచ్చినవాడు ఇంగ్లీషువాడని ఊళ్లవాళ్లే రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే 46 మార్కుల వెండి. మొదట దొర కట్టాలి, చాలకపోతే మిగతాది హండ్రెడ్ అంతా కట్టాలి. హండ్రెడ్ అంటే కొన్ని ఊళ్ల కూటమి. రుజువైతే జుల్మానా లేదు. అంటే ఆ ఇంగ్లీషువాడి చావుకి ఆ లెక్కలో విలువే లేదు. తమవాడి శవం దగ్గర నిలబడి "వీడు మనవాడే" అని నిరూపించుకునే గతి ఆ ఊళ్లకి 1340 దాకా తప్పలేదు.

అడవి చట్టం ఇంకా కష్టమనిపించింది. రాజు ఫారెస్ట్ అని ప్రకటిస్తే చాలు, చెట్లున్నా లేకపోయినా, ఊళ్లున్నా పొలాలున్నా అది వేట చట్టం కిందికి వస్తుంది. జింకని చంపినవాడి కళ్లు తీసేసేవారు. విలియం జింకల్ని కన్నతండ్రిలా ప్రేమించాడని ఆనాటి ఇంగ్లీషు వృత్తాంతం రాసుకుంది. అతని కొడుకు రూఫస్ కాలంలో యాభై మంది ఇంగ్లీషువాళ్ల మీద జింకల్ని తిన్నారని నేరం మోపి, కాల్చిన ఇనుము పట్టుకోమన్నారు. మన అగ్నిపరీక్ష లాంటిదే. మూడో రోజు చూస్తే ఒక్కరి చెయ్యీ కాలలేదు. రూఫస్ ఆ తీర్పుని ఒప్పుకోక, ఇక నుంచి తీర్పు నాదే అన్నాడట.

ద్వంద్వయుద్ధంతో న్యాయం తేల్చుకోవడం కూడా వాళ్లు తెచ్చిందే. 1818లో ఒక ముద్దాయికి ఆ హక్కు ఉందని కోర్టు ఒప్పుకునేదాకా అది పుస్తకాల్లో ఉండనే ఉంది. మరుసటి ఏడు తీసేశారు.

అన్నిటికన్నా నాకు దగ్గరగా తగిలింది భాష. 1070 తర్వాత రాజపత్రాల్లో ఇంగ్లీషు పోయి లాటిన్ వచ్చింది. ఆ తర్వాత కోర్టుల్లో వాదన ఫ్రెంచిలో. జనానికి అర్థం కావడం లేదు కాబట్టి ఇంగ్లీషులో వాదించాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్నే ఫ్రెంచిలో రాశారు, రికార్డులు లాటిన్‌లోనే ఉండాలన్నారు! రెండూ పూర్తిగా పోయింది 1733లో. మనం రోజూ అనే కోర్టు, జడ్జి, జ్యూరీ అన్నీ ఆ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకి, అక్కణ్ణుంచి మన కచేరీలకి వచ్చిన మాటలే.

నేను చేసిన పనేమిటో నీకు తెలుసుగా. సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జిగారు ఇంగ్లీషులో చెప్తారు, నేను టైపు కొడతాను. చివర్న "చదివి తెలుగులో వివరించగా సరిగా ఉన్నదని ఒప్పుకొన్నారు" అని ఇంగ్లీషులో ఒక వాక్యం. 1988లో ఒక భూమి దావాలో, భర్త పోయిన ముసలావిడ ఆ కాగితం మీద వేలిముద్ర వేసే ముందు నా వైపు వంగి, "నేనన్నది ఇందులో ఉందా బాబూ?" అంది. ఉందమ్మా అన్నాను. ఆ రోజు వాయిదాలు ఎక్కువ, గబగబా చదివాం. అంతా వివరించానని ఈరోజుకీ గట్టిగా అనలేను.

అందుకే ఎథెల్రిక్ దగ్గర ఆగిపోయాను. ఆయనేం చెప్పాడో ఆయన మాటల్లో మనకి లేదు. విచారణ సంగతి మిగిలింది లాటిన్‌లో.

సెలవు దొరికితే ఆ బయలు దాకా వెళ్లి రా. చలి కోటు వేసుకో. అక్కడ నేల ఎలా ఉందో, బండి ఏ దారిన వచ్చి ఉంటుందో నాకు ఫోటోలు తీసి పంపు.

ఆశీస్సులతో,
నాన్న