సీలు వేసే ముందు స్క్రూ బిగించారా?

సంపాదకులకు,

గత వేసవిలో ఒక మధ్యాహ్నం మా వరండాలో ప్లాస్టిక్ కాలుతున్న కమురు వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే మీటరు కింది మూత గోధుమరంగుకు తిరిగి, ఒక మూల మెత్తబడి వంగిపోయి ఉంది. ఇంట్లో మెయిన్ ఆపి ఫిర్యాదు చేశాను. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సరఫరా తీసి, నా ఎదుటే సీలు తెంచాడు. సర్వీసు వైరులోని ఏడు అల్యూమినియం పోగుల్లో మూడింటిని మొదట్లోనే కత్తిరించి, మిగిలిన నాలుగింటిని టెర్మినల్ రంధ్రంలో దూర్చారు. బిగించాల్సిన రెండు స్క్రూలలో పైదాన్ని మాత్రమే తిప్పారు, రెండోదాని గాడిలో స్క్రూడ్రైవరు ఆనిన గుర్తు కూడా లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరైనవాణ్ణి. మొదటి సంవత్సరం కుర్రవాడు ఇలా పోగులు కోస్తే ఆ పని మళ్ళీ మొదటినుంచి చేయించేవాళ్ళం.

అంతకు కొన్ని నెలల ముందే కాంట్రాక్టరు మనుషులు వచ్చి పాత మీటరు తీసి ఈ కొత్తది పెట్టారు. ఇద్దరు కుర్రవాళ్ళు మొత్తం పని పది నిమిషాల్లో ముగించి, సీలు వేసి, ఫోనులో ఫొటో తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు. మీటరు కాలిన తర్వాత కార్యాలయానికి వెళితే, అదనపు లోడు వల్లే కాలిందని కాగితం మీద రాసి ఖరీదు కట్టమన్నారు. మా మంజూరు లోడు 5 కిలోవాట్లు, అంతకుముందు నెల బిల్లులో గరిష్ఠ డిమాండు మూడున్నర కిలోవాట్లు కూడా దాటలేదు. ఆ బిల్లు చూపించాకే మాట మార్చారు.

వదులు జాయింటు ఎంత ప్రమాదమో లెక్క వేస్తే తెలుస్తుంది. ఏసీ, నీళ్ళ మోటారు, ఇస్త్రీ పెట్టె కలిసి నడిచే ఇంట్లో 15 ఆంపియర్లు ప్రవహిస్తుంటే, సరిగ్గా బిగించని చోట పదో వంతు ఓమ్ నిరోధం ఉన్నా చాలు, అక్కడ 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. టంకం పెట్టే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొన వేడి దాదాపు ఇంతే. అంతటి వేడిని గంటల తరబడి ప్లాస్టిక్ దిమ్మలో మూసిపెట్టామన్నమాట. దీన్ని ఫ్యూజు గానీ, ఎంసీబీ గానీ పట్టుకోలేవు, ఎందుకంటే కరెంటు పరిమితి దాటలేదు. పైగా అల్యూమినియం గాలి తగిలితే విద్యుత్తును అడ్డుకునే పొర కడుతుంది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా నలిగి వదులవుతుంది. అందుకే వైరు కొనకు లగ్గు (లోహపు తొడుగు) వేసి, రెండు స్క్రూలూ బిగించి, వైరును లాగి చూసి వదలాలి. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) తెగితే కథ ఇంకా వేరు: మూడు ఫేజుల సర్వీసున్న అపార్టుమెంటులో ఉమ్మడి న్యూట్రల్ ఊడితే కొన్ని ఫ్లాట్లకు 230 వోల్టులకు బదులు 400 దాకా వెళ్ళి టీవీలు, ఫ్రిజ్‌లు వరసగా కాలిపోతాయి.

సర్వీసు వైరు లోపలికి వెళ్ళే చోట కిందికి కాస్త వంపు ఉంచకపోతే వాన నీరు వైరు వెంట జారి నేరుగా మీటరులోకి దిగుతుంది. ఎర్తు సంగతి మరీ విచిత్రం. సరఫరా మొదలయ్యే చోట వినియోగదారుడికి ఎర్తు టెర్మినల్ కల్పించాల్సిన బాధ్యతను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు సరఫరా సంస్థ మీదే పెట్టాయి. మా వీధిలో మాత్రం ఎర్తు వైరును ఎప్పుడో ఇనుప కుళాయి గొట్టానికి చుట్టారు. ఇప్పుడా గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వి, వైరు మాత్రం నమ్మకంగా అలాగే చుట్టి ఉంది.

2006 నాటి మీటర్ల నిబంధనల ప్రకారం మీటరు సాధారణంగా సరఫరా సంస్థదే. వినియోగదారుడు సొంతంగా కొనుక్కున్నా దాన్ని పరీక్షించి, బిగించి, సీలు వేయాల్సింది ఆ సంస్థే. సీలు ముట్టుకుంటే మాపై కేసు పెట్టవచ్చు. అది న్యాయమే, కాదనను. కానీ తెరిచి చూసే హక్కు మాకు లేనప్పుడు, మూసే ముందు లోపల ఎలా ఉందో చూసి సంతకం పెట్టే మనిషి ఒకరుండాలి కదా! విద్యుత్ పంపిణీని సంస్కరించేందుకు 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్ఎస్ పథకం కింద దేశమంతటా 25 కోట్ల స్మార్టు మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ఇంత పనిని రోజుకు ఎన్ని మీటర్లన్న లెక్కతోనే నడిపిస్తే, బిగించడం వెనకబడి సీళ్ళ సంఖ్యే ముందుంటుంది.

అందువల్ల విద్యుత్ సంస్థలు, నియంత్రణ మండళ్ళు ఒక చిన్న ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. సీలు వేయకముందు తెరిచి ఉన్న టెర్మినళ్ళ ఫొటో తీయాలి. బిగించిన వ్యక్తి పేరు, తేదీ, ఎర్తు ఉందో లేదో రాసిన చీటీ ఒకటి ఇంటివారికి ఇవ్వాలి. కాంట్రాక్టరుకు డబ్బు ఆ చీటీ చూశాకే చెల్లించాలి. నెలకోసారి కొన్ని ఇళ్ళలో ఇంజినీరు స్వయంగా సీలు తీసి తనిఖీ చేస్తే మరీ మంచిది. ఈలోగా కమురు వాసన వచ్చినా, లైట్లు కారణం లేకుండా మిణుకుమన్నా ఎవరూ మీటరు మీద చేయి వేయకుండా 1912కు ఫోను చేయాలని మనవి.

మా ఇంట్లో ఆ కాలిన మీటరు బిగించినవారి పేరు చెప్పమని మూడుసార్లు కార్యాలయానికి వెళ్ళాను. సీలు నంబరు మాత్రం రిజిస్టరులో ఉంది, మనిషి పేరు ఎక్కడా రాసి లేదు.

— ఒక గృహ వినియోగదారుడు