క్యాసెట్‌లో మిగిలిన పది నిమిషాలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ర్యాప్ మీద వచ్చిన వ్యాసం చదివాను. పాట రానివాళ్లు పెట్టే కేకలే ర్యాప్ అని అందులో రాశారు. ఆ మాటకు మనసు నొచ్చుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1997లో నేను హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్‌లో పనిచేసేవాణ్ని. పాటల లిస్టు, ఖాళీ క్యాసెట్ ఇచ్చిపోతే సాయంత్రానికి నింపి ఇచ్చేవాళ్లం. ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే ఒక పిల్లగాడు అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్ తెచ్చి కాపీ కావాలన్నాడు. అట్ట మీద ఏడేళ్ల పిల్లవాడి ముఖం, దానిలో కలిసిపోయినట్టు ఇటుక క్వార్టర్ల వరుస. న్యూయార్క్‌లోని క్వీన్స్‌బ్రిడ్జ్ సర్కారు క్వార్టర్లలో పెరిగిన ర్యాప్ కళాకారుడు నాస్, ఇరవై ఏళ్ల వయసులో 1994లో తెచ్చిన 'ఇల్మాటిక్' అనే ఆల్బమ్ అది. నా కోసం ఇంకో కాపీ చేసుకున్నాను.

రాత్రి ఇంట్లో పెట్టాను. మా బాపు అన్నం తింటున్నాడు. మల్లన్న కథను దరువు మీద పాడి చెప్పే ఒగ్గు కథ బృందంలో నపీర ఊదేవాడు ఆయన. ఐనవోలు మల్లన్న జాతరకు పోయి వచ్చేసరికి పెదవులు పగిలి ఉండేవి, అవ్వ వెన్న రాసేది. మూడో పాట చివర మాటలు ఆగి, బాకా లాంటిది మెల్లగా మొదలైంది. బాపు చెయ్యి పళ్లెంలోనే ఆగింది. "ఎవలు ఊదుతున్నరు?" అన్నాడు. నాకూ తెలియదు. "మల్లొక్కసారి పెట్టు" అన్నాడు. ఆ రాత్రి నాలుగుసార్లు వెనక్కి తిప్పాను. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషి, మిగతా పాటలు కూడా విని, "కథ చెప్తున్నడు గదా, దరువు తప్పుతలేడు" అన్నాడు.

ఆ వాయిద్యాన్ని కార్నెట్ అంటారని, ఊదింది నాస్ కన్నతండ్రి, జాజ్ కళాకారుడు ఓలూ దారా అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి బాపు లేడు.

ఏడో పాటలో ఎక్కువ భాగం జైల్లో ఉన్న దోస్తులకు రాసిన ఉత్తరాలు. కొడుకు పుట్టిన కబురు, వాడలో ఎవరు ఏమయ్యారు, అన్నీ ఉంటాయి. మా పక్కింటి పెద్దమ్మ, తన కొడుకు వరంగల్ సెంట్రల్ జైల్లో ఉన్నప్పుడు ఉత్తరం నాతోనే రాయించేది. కేసు ఊసు ఉండేది కాదు. బర్రె ఈనింది, చెల్లెకు సంబంధం వచ్చింది, పాణం మంచిగ చూసుకో. ఆ పాట విన్నప్పుడల్లా ఆమె గొంతే వినిపిస్తుంది నాకు. ఇది కేకలెట్లా అవుతుంది? బూతులు లేవని అనను, ఉన్నాయి. అయినా 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ ఆల్బమ్‌ను భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

మొన్న సజ్జ సర్దుతుంటే ఆ క్యాసెట్ దొరికింది. పది పాటలూ కలిపి నలభై నిమిషాలు. నాది అరవై నిమిషాల క్యాసెట్. ఒక్కో పక్క పాటలైపోయాక పది నిమిషాలు ఉత్త శబ్దమే. అది ఆపబుద్ధి కాక, చివరిదాకా వింటూ కూర్చున్నాను. వేల మందికి క్యాసెట్లు నింపి ఇచ్చాను, మైకు నా చేతిలోనే ఉండేది. బాపు నపీర ఒక్కసారి కూడా రికార్డు చెయ్యలేదు.

దయచేసి ఈ నాలుగు ముక్కలు అచ్చువేయండి. 1980, 90ల్లో ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో ఒగ్గు కథను టేప్ చేసుకున్నవాళ్లు మీ పాఠకుల్లో ఉండే ఉంటారు. వాళ్లకు నా మాట: ఆ క్యాసెట్లు పారేయకండి, పాడైనా సరే ఈ పత్రికకు కబురు చెయ్యండి. కాపీ నేను చేసిపెడతాను, పైసలు వద్దు. నపీర వినిపించేవి నాకు ఒక్కసారి వినిపిస్తే చాలు. బాపు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో నాకు తెలుసు, గుర్తుపడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు, హనుమకొండ