ఆ చెట్టుకి గురుపరంపర అని పేరు పెట్టకండి

సంపాదకులు గారికి,

అయ్యా, పది రోజుల కింద మీ క్రీడల పేజీలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల మీద అరపేజీ వ్యాసం వేశారు. అక్కడ కూడా మన గురుశిష్య పరంపర వెల్లివిరుస్తోందని దాని సారాంశం. ఆ రోజే రాద్దామని కూర్చుంటే మా అమ్మాయి "పేపర్లకి ఉత్తరాలు రాసే రోజులా నాన్నా ఇవి, వదిలెయ్" అంది. వదిలేశాను. మొన్న ఆదివారం ఇక్కడ డాలస్‌లో గుడికి వెళ్తే ఒకాయన అదే వ్యాసం వాట్సాప్‌లో చూపించి "చూశారా మాస్టారూ, మన సంస్కృతి ఎక్కడిదాకా వచ్చిందో!" అని పొంగిపోయాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు చిన్న తప్పులు. వ్యాసం పక్కన గుండ్రని బంతి ఫొటో వేశారు. ఈ ఆటలో బంతి కోడిగుడ్డులా ఉంటుంది. కాలితో తన్నేది తక్కువ, చేత పట్టుకుని పరిగెత్తడం, ఎదురొచ్చినవాణ్ణి గుద్దడం ఎక్కువ. మా ఏడేళ్ళ మనవడు ఆ ఫొటో చూసి పడీపడీ నవ్వాడు. "అలబామా నగరం" అని రెండుసార్లు రాశారు. అలబామా ఒక రాష్ట్రం. మీ వ్యాసంలో మూలగురువైన హెడ్ కోచ్ నిక్ సేబన్ పనిచేసిన యూనివర్సిటీ ఉన్నది టస్కలూసా అనే ఊళ్ళో. ఇక వీళ్ళు 'కోచింగ్ ట్రీ' అనేదాన్ని మీవాళ్ళు 'శిక్షణా వటవృక్షం' చేశారు. మర్రిచెట్టు కింద మరో చెట్టు మొలవదంటారు. తెలిసి రాశారో తెలియక రాశారో గానీ, వ్యాసం మొత్తంలో సరిగ్గా కుదిరిన మాట అదొక్కటే.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేశాను. ఈ ఆట నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. మా అల్లుడు శనివారం పొద్దున టీవీ ముందు కూర్చుంటే రాత్రిదాకా లేవడు, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అందుకని ఆట ఎత్తుల గురించి మాట్లాడను. గురువు, శిష్యుడు అనే మాటల గురించి మాత్రం మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

కోచింగ్ ట్రీ అంటే ఏమిటి? ఒక పెద్ద కోచ్ దగ్గర అసిస్టెంట్లుగా పనిచేసినవాళ్ళు తర్వాత వేరే చోట హెడ్ కోచ్‌లైతే, వాళ్ళంతా ఆయన చెట్టుకొమ్మలు. ఏళ్ళ తరబడి నేర్చుకున్నా కొమ్మే, అక్కడ జీతం తీసుకుంటూ కొన్నాళ్ళు తలదాచుకున్నా కొమ్మే. మీరు సేబన్ 'ప్రియశిష్యుడు' అని రాసిన లేన్ కిఫిన్ సంగతే చూడండి. 2014లో సేబన్ దగ్గరికి అసిస్టెంటుగా వచ్చేసరికే ఆయన మూడు చోట్ల హెడ్ కోచ్‌గా చేసి ఉన్నాడు. మూడోది లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ అనే యూనివర్సిటీ. 2013లో వాళ్ళు ఓడి విమానం దిగాక, తెల్లవారకముందే ఎయిర్‌పోర్టులోనే ఉద్యోగం ఊడబీకారు. స్టీవ్ సార్కీసియన్‌దీ దాదాపు అదే కథ, 2015లో అదే యూనివర్సిటీ ఆయన్నీ తీసేసింది, తర్వాత ఆయనా సేబన్ దగ్గరికే చేరాడు. వీళ్ళిద్దరూ పని నేర్చుకున్నది యూఎస్‌సీ పాత కోచ్ పీట్ కారల్ దగ్గర. టస్కలూసా ఏమో యాక్సిడెంటైన కార్లని తెచ్చి డెంటింగ్, పెయింటింగ్ చేసి మళ్ళీ రోడ్డెక్కించే షెడ్డు. మంచి షెడ్డే, కాదనను. కానీ షెడ్డు మేస్త్రీని కారుకి తండ్రి అనం కదా.

ఆ ప్రియశిష్యుణ్ణి గురువుగారు 2017 జనవరిలో, జాతీయ ఫైనల్ ఇంకో వారం ఉందనగా పంపించేసి, ఆ పని సార్కీసియన్‌కి అప్పగించారు. పెళ్ళి వారంలో పెట్టుకుని వంటవాణ్ణి మార్చినట్టు! మీ వ్యాసంలో ఈ ముక్క లేదు. 2025 నవంబరు ఆఖర్లో అదే కిఫిన్ తన జట్టు ఓల్ మిస్‌ని (మిసిసిపి యూనివర్సిటీ) జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ గుమ్మంలో నిలబెట్టి, ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్ళిపోయాడు. ఆ పిల్లల్ని పీట్ గోల్డింగ్ చేతిలో పెట్టారు, ఆయనా సేబన్ దగ్గర పనిచేసినవాడే. అంటే వదిలి వెళ్ళినవాడూ అదే చెట్టు కొమ్మే, మిగిలినవాళ్ళని సర్దుకున్నవాడూ అదే చెట్టు కొమ్మే. దీనికి పరంపర అని మీరు పేరు పెట్టారు.

జింబో ఫిషర్ సంగతి ఇంకా బాగుంటుంది. 2021 అక్టోబరులో ఆయన హెడ్ కోచ్‌గా ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ జట్టు 41-38తో అలబామాని ఓడించింది. సేబన్‌ని ఆయన మాజీ అసిస్టెంట్ ఓడించడం అదే మొదటిసారి. అంతవరకు బాగుంది, శిష్యుడి చేతిలో ఓడితే గురువుకి గర్వమే అనుకున్నాం. తర్వాతి మే నెలలో ఆటగాళ్ళందర్నీ ఏ అండ్ ఎమ్ డబ్బుతో కొనుక్కుందని గురువుగారు ఒక సభలో అన్నారు. మర్నాడు పొద్దున్నే శిష్యుడు ప్రెస్ మీట్ పెట్టి అహంకారి అని తిట్టి, ఆయన ఫోన్ చేసినా ఎత్తలేదని, ఇక మాకూ ఆయనకీ చెల్లు అని తేల్చేశాడు. ద్రోణుడికీ శిష్యులతో యుద్ధం తప్పలేదు నిజమే, కానీ కురుక్షేత్రంలో ఎవరూ ప్రెస్ మీట్లు పెట్టలేదు.

ఈ శిష్యుణ్ణి 2023 నవంబరులో తీసేశారు. కాంట్రాక్టు మధ్యలో తీసేసినందుకు ఆయనకి ఇవ్వాల్సింది 7 కోట్ల 60 లక్షల డాలర్ల పైమాట. అప్పటి రేటున 600 కోట్ల రూపాయలు దాటుతుంది. పని చేయనందుకు! అది ప్రభుత్వ యూనివర్సిటీ. అడిగితే ట్యాక్సు డబ్బు కాదు, దాతల డబ్బు అంటారు. దాతలకి లైబ్రరీ ఎందుకు కనబడదో, స్టేడియం ఒక్కటే ఎందుకు కనబడుతుందో నాకు అర్థం కాదు. మా పెద్ద మనవరాలు వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి. ఫీజుల లెక్క కాగితం డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని మా అమ్మాయి, అల్లుడు రాత్రి పదకొండు దాకా కూడికలు, తీసివేతలు వేస్తూనే ఉన్నారు. ఎల్‌ఎస్‌యూ కూడా కిఫిన్‌ని తెచ్చుకునే ముందు పాత కోచ్ బ్రయన్ కెల్లీని తీసేసి 5 కోట్ల డాలర్ల పైన బాకీ నెత్తిన వేసుకుంది. ఈ దేశంలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వం జీతాలిచ్చేవాళ్ళందరిలోకీ ఎక్కువ జీతం గవర్నరుకి కాదు, ఆట కోచ్‌కి. మన దగ్గర పీడీకి ఇంక్రిమెంటు ఫైలు కదలాలంటే మూడుసార్లు రీజినల్ ఆఫీసు చుట్టూ తిరిగినవాణ్ణి నేను.

నిజమైన గురువు కావాలంటే సేబన్‌ వెనక్కే వెళ్ళి ఉండాల్సింది. ఒహాయోలో కెంట్ స్టేట్‌లో డాన్ జేమ్స్ అని కోచ్. సేబన్ అక్కడే ఆడి, డిగ్రీ పూర్తిచేశాడు. కోచ్ అవ్వాలనే ఆలోచనే లేదు. భార్య చదువు ఇంకో ఏడాది మిగిలి ఉంది, ఆమె కోసం అక్కడే ఆగాలి. అలాంటప్పుడు జేమ్స్ పిలిచి, నా దగ్గర గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా చేరమన్నాడు. ఒక కుర్రాడిలో వాడికే తెలియనిది చూడటం అంటే అదీ. తర్వాత వచ్చిన ఏడు జాతీయ టైటిళ్ళకీ విత్తనం ఆ ఒక్క మాట. మీ అరపేజీలో జేమ్స్ పేరు ఒక్కసారైనా లేదు.

ఇంకొక పేరు కూడా లేదు, నాకు అసలు కోపం అక్కడ. సిల్వెస్టర్ క్రూమ్. టస్కలూసాలోనే పుట్టాడు. అలబామాకి సేబన్ కంటే ముందు దేవుడనిపించుకున్న బేర్ బ్రయంట్ దగ్గరే ఆడి, దేశంలోనే మేటి సెంటర్‌గా (బంతిని వెనక్కి అందించే ఆటగాడు) పేరు తెచ్చుకుని, ఆయన దగ్గరే అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాడు. చెట్టు లెక్క ప్రకారం ఇంతకంటే గట్టి కొమ్మ ఉండదు. 2003లో అలబామా హెడ్ కోచ్ పోస్టు ఖాళీ అయితే ఇంటర్వ్యూకి వచ్చాడు. పోస్టు ఎవరికిచ్చారో తెలుసా? అప్పటిదాకా ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయని మైక్ షూలాకి. ఆయనా అక్కడ ఆడినవాడే, పైగా డాన్ షూలా అనే మహా కోచ్ కొడుకు. క్రూమ్ నల్లవాడు. ఆ ఏడాది ఆఖర్లో మిసిసిపి స్టేట్ ఆయన్ని తీసుకుంటే, ఆగ్నేయ రాష్ట్రాల పెద్ద యూనివర్సిటీల కూటమిలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యాడు. షూలాని 2006లో అలబామాయే తీసేసింది. ఆ ఖాళీలోనే సేబన్ వచ్చాడు. మీ వటవృక్షం నాటింది సరిగ్గా ఆ గుంటలోనండీ.

ఎడ్డీ రాబిన్సన్ అని ఉన్నాడు, లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే నల్లజాతి పిల్లల కాలేజీలో 1941 నుంచి 1997 దాకా కోచ్. 408 విజయాలు. మొదట్లో గడ్డి కోయడం, గీతలు గీయడం, ఆట అయ్యాక రిపోర్టు రాసి పేపర్లకి పంపడం అన్నీ ఆయనే. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది, కళ్ళూ తడయ్యాయి. నేనూ డాల్డా డబ్బా అడుగున మేకుతో చిల్లులు కొట్టి, సున్నం పోసి, ట్రాక్ గీతలు గీసేవాణ్ణి. సాయంత్రానికి ప్యాంటు మోకాళ్ళదాకా తెల్లగా అయ్యేది. రాత్రి తెల్లకాగితం మీద ఫలితాలు రాసి ఆఖరి బస్సు కండక్టరు చేతికిస్తే మీ విలేకరికి చేరేది. మర్నాడు పేపర్లో 'ప్రిన్సిపాల్ గారి ప్రోత్సాహంతో' అని వచ్చేది. అప్పుడు ఉత్తరం రాయలేదు. ఆ బాకీ కూడా ఇప్పుడే తీర్చుకుంటున్నాను అనుకోండి.

అసలు చెట్టు గీయాలనుకుంటే టస్కలూసా దాకా ఎందుకు? సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో స్కూలు టీచరు. గుండ్రని బంతి ఫుట్‌బాల్లో ఆయన తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దెకి రోజుకో రూపాయి జేబులోంచి ఇచ్చాడు. ఆయన కింద ఆడిన పీకే బెనర్జీ తర్వాత కలకత్తాలో ఎంత పెద్ద కోచ్ అయ్యాడో అందరికీ తెలుసు. ఈ చెట్టు మీ పేపర్లో ఎప్పుడైనా అరపేజీకి నోచుకుందా? హిందీ వాళ్ళు సినిమా తీసేదాకా రహీం సాబ్ ఎవరో మన పిల్లలకి తెలియదు. తెలియజెప్పడానికి పీడీలు ఉంటే కదా. నేను రిటైరైన కాలేజీలో నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందట, గ్రౌండులో సగం పార్కింగు చేశారట. మొన్న పాత అటెండరు ఫోన్ చేసి చెప్పాడు.

గుండ్రని బంతి ఫొటోకి సవరణ వేస్తే సంతోషం, వేయకపోయినా నష్టం లేదు. ఈ ఉత్తరం పొడవైంది, మీరు కత్తిరిస్తారని తెలుసు. నా పేరు, నా డాల్డా డబ్బా అన్నీ తీసేయండి. క్రూమ్ పేరు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
స్వస్థలం తెనాలి, ప్రస్తుతం డాలస్