ఊపిరాడని అందం గురించి మంత్రి గారికి ఒక మాజీ గోపాలమిత్ర లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను గోపాలమిత్రగా, అంటే ఊళ్లలో ఆవులకూ బర్రెలకూ చూడి కట్టే వీర్యం సూదులు వేసేవాడిగా, పని చేసినవాణ్ణి. కమలాపూర్, హుజూరాబాద్ వైపు ఊళ్లలో దాదాపు ఇరవై ఏళ్లు బండి వెనక నైట్రోజన్ క్యాన్ కట్టుకుని తిరిగాను. తెల్లారకముందే ఫోన్ మోగేది, "బర్రె ఎదకొచ్చింది, జర జల్ది రా" అని. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి హనుమకొండలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ ఉత్తరం కుక్కల గురించి. అయినా బర్రెల దగ్గరే మొదలుపెడతాను, నాకు తెలిసిన దారి అదే.

కరీంనగర్‌లో మీ శాఖ వీర్య కేంద్రం ఉంది. అలాంటి కేంద్రంలో ఒక దున్నపోతును పెట్టుకోవాలంటే దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో కాగితం మీద ఉండాలి. క్షయ, బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు లేవని పరీక్షల్లో తేలాలి. కొమ్ములు ఎంత అందంగా చుట్టుకున్నా, ఆ పరీక్షల్లో తప్పితే దాన్ని బయటికి పంపాల్సిందే. వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటాం, దాని మీద దున్న నంబరు ఉంటుంది. ఆ నంబరు మేము రిజిస్టర్‌లో రాసుకునేవాళ్లం, తండ్రి వీర్యమే మళ్లీ కూతురికి పడకూడదని. చదువురాని రైతు కూడా "ఈసారి నంబర్ మార్చినవా" అని అడిగి మరీ సూది వేయించుకునేవాడు.

మా మనవరాలి కోసం మా వాడు పోయినేడు పగ్ అనే పొట్టి ముక్కు జాతి కుక్కపిల్లను తెచ్చాడు. పద్నాలుగు వేలు. ఫోన్‌లో ఫొటో చూసి, డబ్బు పంపి, బస్టాండు దగ్గర అట్టపెట్టెలో అందుకున్నాడు. తల్లిని చూశావా అంటే చూడలేదన్నాడు. లేగదూడను కొనేవాడెవడైనా ముందు తల్లి పొదుగు చూస్తాడు. ఆ మాట అప్పుడే గట్టిగా అని ఉండాల్సింది. పిల్ల మొహం చూసి నేనూ కరిగిపోయాను, అబద్ధం ఎందుకు.

దానికి లడ్డు అని పేరు పెట్టారు. అది పడుకుంటే మనిషిలా గురక పెట్టేది. నవ్వుకున్నాం. మా కోడలు వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెడితే చుట్టాలందరూ నవ్వుతున్న బొమ్మలు పంపారు. ఇరవై ఏళ్లు పశువుల మధ్య బతికిన నాకైనా తెలియాలి కదా, ఏ జంతువూ ఊరికే అలా చప్పుడు చేయదని. టీకా కోసం తీసుకెళ్తే డాక్టరమ్మ చెప్పింది, "ఇది గురక కాదండీ, దీనికి ఊపిరి అందడం లేదు" అని.

ఆమె విడమరిచి చెప్పింది కాబట్టి నేనూ చెబుతాను. మొహం గుండ్రంగా, పాపలా కనిపించాలని తరతరాలుగా పొట్టి ముక్కు కుక్కలనే ఏరి కట్టించారు. బయట ఎముక కురచయింది. లోపలి మెత్తటి అంగిలి మాత్రం ఆ కొలతలో తగ్గలేదు. చోటు చాలక అది గొంతులోకి జారి గాలికి అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలు సన్నటి గీతల్లా మూసుకుపోతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి వగరుస్తూ గాలి ఆడించుకుంటేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. ఆ గాలి దారే మూసుకుపోతే ఓరుగల్లు ఎండాకాలంలో అది ఏం చేయాలి?

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అరగంట గడిచేసరికి లడ్డు నాలుక నీలంగా మారింది, కాళ్లు నాలుగూ చాపేసింది. వడదెబ్బ తిన్న ఆవుకు చేసినట్టే నీళ్లు పోసి, తడిబట్టతో తుడిచి, విసనకర్రతో విసిరాం. బతికింది. తర్వాత హైదరాబాద్ తీసుకెళ్లి ముక్కు రంధ్రాలు వెడల్పు చేయించి, అంగిలి కొంత కోయించారు. మా వాడు ఇంకా ఈఎంఐ కడుతున్నాడు.

ఆ తర్వాత నాకు దాని తల్లిని చూడాలనిపించింది. అడిగి అడిగి పట్టుకున్నాను. ఒక డాబా మీద రేకుల గది, మూడు పంజరాలు. పెంచే అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు, ఆ డబ్బుతోనే ఫీజు కట్టుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు, నా ముందే పెరుగన్నం కలిపి తినిపించాడు. తల్లి పొట్ట మీద రెండు కుట్ల గుర్తులు. "ఇది మామూలుగ ఈనదు అంకుల్, ఆపరేషన్ చెయ్యాల్సిందే" అన్నాడు. తల పెద్దది, కటి ఇరుకు అయితే అంతే. బుల్‌డాగ్‌ల సంగతి ఇంకా ఘోరం. బ్రిటన్‌లో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో నూటికి 86 ఈతలు ఆపరేషన్‌తోనే జరిగినట్టు తేలింది. కడుపు కోస్తే తప్ప ఈనలేని జాతిని రైతు దొడ్డిలో ఒక్క ఏడాదైనా ఉంచుతాడా?

మగకుక్క ఏదని అడిగాను. "దీని కొడుకే" అన్నాడు. మూతి బాగా చదునుగా ఉందట. "ముక్కు ఎంత లోపలికి పోతే రేటు అంత పైకి పోతది అంకుల్." నేను గోపాలమిత్రనని తెలిశాక మెల్లగా అడిగాడు, "ఈసారి పిల్లలు ఎక్కువ పడేటట్టు ఏమన్న సూది ఉంటదా?"

ఏం చెప్పాలో తోచలేదు. వాడికి మంచిచెడ్డలు చెప్పిన మనిషి లేడు. నా రిజిస్టర్‌ను పై అధికారి తనిఖీ చేసేవాడు, ఈ గది మెట్లు మీ శాఖ వాళ్లు ఎక్కినట్టే లేదు.

పిల్లుల్లోనూ ఇదే. పర్షియన్ పిల్లుల్లో 'డాల్ ఫేస్' కన్నా 'పంచ్ ఫేస్'కు ఎక్కువ ధర, అంటే మొహం మీద గుద్దినట్టు ఉండాలన్నమాట. పేరులోనే దెబ్బ ఉంది. వాటికి కంటి నీరు ముక్కులోకి పోయే దారి సరిగా ఉండదు, అందుకే ఎప్పుడూ చెంపల మీద కారుతుంటుంది. చెవులు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ పిల్లిని ముద్దు చేస్తారు. ఆ చెవి మడత మృదులాస్థిలోని లోపం. అది చెవితో ఆగదు, కీళ్లలో కూడా ఉంటుంది, నొప్పి పెడుతుంది. ఇక డాబర్‌మన్ చెవులు, తోకలు కత్తిరించేవాళ్ల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

మేమూ తప్పు చేయలేదని కాదు. హెచ్‌ఎఫ్ అనే విదేశీ పాడి జాతి రక్తం ఎక్కువైన ఆవులు మా ఎండలకు ఆగలేక వగర్చడం, పిడుదుల వల్ల థైలేరియా జ్వరంతో పడిపోవడం నా చేతుల మీదుగానే చూశాను. ఎద్దును కొనేటప్పుడు సుడులు చూసి బేరం చేసిన జాతి మనది, అందం పిచ్చి మనకు కొత్తేం కాదు. కాకపోతే ఆ ఎద్దు పొద్దున్నే నాగలి లాగాలి. లాగకపోతే ఏ సుడీ దాన్ని కాపాడేది కాదు. ఈ కుక్కలకు అలాంటి పరీక్షే లేదు, ఫొటోలో బాగుంటే చాలు.

చట్టం లేదా అంటే ఉంది. 2017 మే నెలలో కేంద్రం కుక్కల బ్రీడింగ్, అమ్మకాల మీద నియమాలు తెచ్చింది. బ్రీడింగ్ చేసేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఎనిమిదేళ్లు దాటకూడదు, జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మా లడ్డు మా ఇంటికి వచ్చేనాటికి దానికి ఐదు వారాలు. ఇక 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద తొలిసారి దొరికితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. చౌరస్తాలో ఇద్దరం నిలబడి చాయ్, సమోసా తీసుకుంటే అంతకన్నా ఎక్కువే అవుతుంది.

2024లో తమిళనాడు ప్రకటించిన విధానంలో హస్కీ, సెయింట్ బెర్నార్డ్, పగ్ లాంటి 11 జాతుల బ్రీడింగ్ వద్దన్నారు. దాని మీద గొడవా జరిగింది. నేను మిమ్మల్ని జాతులను నిషేధించమని అడగడం లేదు. నిషేధిస్తే ఆ గది ఇంకో సందులోకి మారుతుంది, అంతే. దేశవాళీ కుక్కలను పెంచండి అనే మాట కూడా నాకు సగమే నచ్చుతుంది. గొల్లకురుమల మందల వెంట తిరిగే కుక్క ఏ డాక్టరూ లేకుండా ఎండావానా తట్టుకుంటుంది, నిజమే. రేపు దానికీ ఫ్యాషన్ పట్టి, నడుము ఎంత సన్నమైతే అంత రేటు అంటే, అదీ ఇదే రేకుల గదికి చేరుతుంది.

నేను అడిగేది చిన్నది. దున్నపోతుకు పెట్టిన పరీక్షే కుక్కకూ పెట్టండి. మామునూరులో మీ వెటర్నరీ కాలేజీ ఉంది, కోరుట్లలో ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో పొట్టి ముక్కు కుక్కలను మూడు నిమిషాలు పరుగెత్తించి, ముందూ వెనకా గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి వింటారు. శ్వాస ఎలా ఉందో దాన్నిబట్టి గ్రేడు ఇస్తారు, బాగా చెడ్డ గ్రేడు వచ్చినవాటిని కట్టించవద్దంటారు. దానికి కొత్త మిషన్లు అక్కర్లేదు. ఆ కాలేజీ పిల్లలు వారానికి ఒక రోజు కూర్చుంటే చాలు. ఆ కాగితం, తల్లిదండ్రుల నంబర్లు లేకుండా పిల్లను అమ్మకూడదని ఉత్తర్వు ఇవ్వండి. మన జిల్లాల్లో ఎవరెవరు రిజిస్టర్ చేసుకున్నారో జాబితా పశువుల ఆసుపత్రి గోడకు అంటించండి. కొనేవాడు చూసుకుంటాడు.

పరీక్షలో తప్పిన కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పెంచుకునేవాళ్లకు ఇప్పించే పని ఆ అబ్బాయి లాంటివాళ్ల నెత్తిన పడేయకండి. ఫీజు కట్టలేక ఈ పనిలోకి వచ్చినవాడు వాటిని రోడ్డు మీద వదిలేస్తాడు. ఆ ఖర్చు శాఖే భరించాలి.

లడ్డు తల్లిని నాకు ఇచ్చేయమని అడిగాను. ఇంకొక్క ఈత అయ్యాక ఇస్తానన్నాడు. దసరా తర్వాత మళ్లీ ఎదకు వస్తుందట. ఇంత తొందరపడి రాయడానికి అదే కారణం.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక మాజీ గోపాలమిత్ర