మా ఎడిటర్ మేడమ్‌కి వెయ్యి నమస్కారాలు

మా తాతయ్య చెప్పిన గోదావరి లంకల కబుర్లన్నీ పోగేసి రాసిన పుస్తకం మొత్తానికి ప్రెస్‌కి వెళ్ళిందండీ. అందరూ నాకు కంగ్రాట్స్ చెప్తున్నారు గానీ అందులో సగం రాజమండ్రిలో ఉన్న మా ఎడిటర్ మేడమ్‌కి వెళ్ళాలి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

"అచ్చుతప్పులు చూడ్డానికి కూడా డబ్బులిస్తారేంట్రా, మన తెలుగు మాస్టారు చూసిపెట్టరా" అన్నాడు మా బాబాయ్. చూసిపెడతారు, కాదనను, కానీ మేడమ్ చేసింది ఆ పని ఒక్కటే కాదు. 1953 వరదల చాప్టర్లో తాతయ్య ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి నీళ్ళు చూసినట్టు ఉంటే పక్కన ఎర్ర అక్షరాల్లో "అప్పటికి బ్యారేజీ ఎక్కడిదండీ, 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్టే కదా?" అని కామెంట్ పెట్టారు. బ్యారేజీ కట్టింది 1970 తర్వాతే మరి. మా ఇంట్లో అందరూ చదివారు, బాబాయ్‌తో సహా, ఒక్కరికీ తట్టలేదు, ఏళ్ళ తరబడి చూస్తున్నది ఆ బ్యారేజీనే కదా. అయినా మనవాళ్ళకి చదవమనిస్తే "సూపర్" అనడం తప్ప ఇంకేం చెప్తారు!

సఖినేటిపల్లి రేవులో పెళ్ళివారు గోదారి దాటించే పంటు కోసం పడిగాపులు పడే ఘట్టం ఎక్కడో వెనక ఉంటే లాక్కొచ్చి ముందు పెట్టించారు, వంశవృక్షం చాప్టరేమో "ఇది మీ ఇంట్లోవాళ్ళకి ప్రింటౌట్ తీసి ఇవ్వండి" అని మొత్తం తీయించేశారు. అప్పుడు ఒళ్ళు మండింది, నిజం చెప్పాలంటే. కానీ తాతయ్య మాటల్లో ఆ యాసని మాత్రం అస్సలు ముట్టుకోలేదు, అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

డీటీపీ తమ్ముడికి కూడా థ్యాంక్స్. యూనికోడ్‌లో టైప్ చేసింది డీటీపీవాళ్ళు వాడే 'అను' ఫాంట్లోకి మార్చేసరికి వత్తులు చెల్లాచెదురైపోతాయి, ఎడిటింగ్ అయిపోయింది కదా అని వదిలేయకుండా మళ్ళీ ప్రూఫ్ చూడాల్సిందే. ఎన్నిసార్లు పంపినా విసుక్కోలేదు పాపం.

ఆవిష్కరణ సభకీ శాలువాలకీ లెక్కచూడకుండా ఖర్చుపెట్టి ఎడిటర్ దగ్గర గీచిగీచి బేరమాడతారు మనవాళ్ళు, అదే నాకు అర్థం కాదు.

పుస్తకం రాస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, మేడమ్‌ని అడిగి నంబర్ ఇస్తా. సంక్రాంతి దాకా ఖాళీ లేరట, ముందే చెప్తున్నా.