పెద్దనాయనకు, ఇంకా కొందరికి

నలభై జాడీలు నిన్న సాయంత్రం వ్యాన్ ఎక్కాయి. రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను. పొద్దున లేవగానే ఇది రాస్తున్నాను.

మాది కుమ్మరి ఇల్లు. నేను మాత్రం హైదరాబాద్ శివార్లలో స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే మట్టి పాత్రలు, చేస్తాను. కరెంటు సారె, గ్యాస్ బట్టీ, 1,240 డిగ్రీల వేడి. ఊళ్లో మా ఆవం పిడకలు, గడ్డితో ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీలకే సరిపెట్టుకుంటుంది. మా చెరువు మట్టిని నా బట్టీలో పెడితే ఉబ్బి, కరిగి, లోపల పాత్రలు పెట్టే అరకు అంటుకుపోతుంది. (మొదట్లో తెలియక ఓసారి పెట్టాను. అర పోయింది.)

ఒక హోటల్‌కి రెండడుగుల జాడీలు కావాలన్నారు. మొదటి పన్నెండు కాల్చి తీస్తే తొమ్మిదింటికి అడుగున ఎస్ ఆకారంలో పగులు. నేను మంటను అనుమానించాను. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా సైజు మారుతుంది కదా, అక్కడ బట్టీ తొందరపడిందేమోనని. నిదానంగా వేడెక్కించి, నిదానంగా చల్లార్చాను. మళ్లీ అవే పగుళ్లు. గడువు చూస్తే టెన్షన్.

అమ్మ ఫోన్ చేసి చెప్పినట్టుంది, పెద్దనాయన బస్సెక్కి వచ్చారు. అదీ ఆషాఢంలో, బోనం కుండలకు ఊపిరాడని రోజుల్లో. మా ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, జల్లిస్తారు, సారె మాత్రం ముట్టరు. నేను ముట్టినప్పుడు నాతో మాట మానేసింది ఈయనే.

పగిలిన జాడీ బోర్లించి బొటనవేలితో తడిమారు. "మంటది తప్పు గాదు బిడ్డా. అడుగు కొట్టలేదు నువ్వు."

నిజమే. సారె మీద గోడను వేళ్లతో నొక్కుతూ పైకి లాగుతాం, అక్కడ మట్టి బిగుస్తుంది. అడుగు వదులుగానే ఉండిపోతుంది, ఆరేది కూడా చివరనే. ఊరి కుండకు ఈ బాధ లేదు. అడుగు లేకుండానే సారె మీంచి కోసి, కాస్త ఆరాక లోపల రాయి పెట్టి, బయట చెక్క బద్దతో కొట్టి కొట్టి మూస్తారు. పదిహేనేళ్లు చూస్తూ పెరిగాను. జాడీకి పనికొస్తుందని ఒక్కసారీ తట్టలేదు.

ఆరు రోజులు ఇద్దరం కొట్టాం. నా చేయి వాచింది, ఆయనది వాయలేదు. కొట్టిన అడుగును చదును చేసి, జాడీలు బోర్లించి ఆరబెట్టాం. రెండింటికి మెడ దగ్గర చీలిక వచ్చింది, అది నా తొందర.

తన బట్టీని రెండు కాల్పులకు ఇచ్చి, గ్యాస్ డబ్బులు మాత్రమే తీసుకున్న అక్కకు, పచ్చి జాడీలను గడ్డిలో పేర్చి మనిషి నడిచేంత మెల్లగా ట్రాలీ తోలిన అన్నకు, మట్టి జల్లించిన అమ్మకూ వదినకూ, మూడు వారాలు ఆగిన హోటల్ వాళ్లకు దండాలు.

పెద్దనాయనా, నువ్వు ఫేస్‌బుక్ చూడవు, వదిన చదివి వినిపిస్తుంది. డబ్బులిస్తే తీసుకోలేదు. పైగా నా జాడీ తట్టి చూసి, ఇందులో నీళ్లు చల్లబడవు కదా అని పెదవి విరిచావు. గ్లేజ్, అదే గాజు పూత, వేశాక చెమ్మ బయటికి రాదు మరి. పోతూ పోతూ ఆవకాయకు ఒకటి చేసి పెట్టమన్నావు. ఈ బట్టీలో పెడుతున్నా. అడుగు బాగా కొట్టాను.